పక్కింటి జంట సూర్యులు

ఆకాశంలో మనకు అతి దగ్గరి ఇరుగుపొరుగు వాళ్లు. ఇద్దరు సూర్యులు. ఒకరి చుట్టూ ఒకరు ఒక్క చుట్టు తిరిగి రావడానికి ఓ మనిషి జీవితమంత కాలం పడుతుంది. కంటికి ఒక్కటిగా కనిపించే ఆ చుక్కను తొలిసారి రెండుగా చూసింది మన తూర్పు తీరం నుంచే!

‘అదిగోనమ్మా అరుంధతి... కనిపించిందా?’

పురోహితుడు ఉత్తరం వైపు వేలు చూపిస్తాడు. ముహూర్తం పట్టపగలు పదకొండింటికైనా సరే, పెళ్లికూతురు బుద్ధిగా తలూపుతుంది. పెళ్లికొడుకైతే ఆకాశంలోకి చూస్తున్నట్టు నటిస్తూ ఫొటోగ్రాఫర్ వంక చూస్తాడు. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన మినుకుమినుకుమనే ఆ చిన్న చుక్కే తెలుగువాళ్లకు జంట నక్షత్రాలతో తొలి పరిచయం. చాలామందికి ఆఖరి పరిచయం కూడా.

అవే పెళ్లిళ్ల రోజుల్లో, పొద్దుపోయాక అదే మండపం వెనక్కి వెళ్లి దక్షిణం వైపు తిరిగితే మరో జంట ఉంటుంది. దాన్ని ఎవరూ చూపించరు. మంత్రం లేదు, మర్యాద లేదు. అలాగని అది అల్లాటప్పా చుక్కేమీ కాదు. రాత్రి ఆకాశంలో కంటికి కనిపించే నక్షత్రాల్లో వెలుగులో మూడోది. సిరియస్, అగస్త్య నక్షత్రాల తర్వాత దానిదే స్థానం. సూర్యుణ్ని పక్కన పెడితే, మామూలు కంటికి కనిపించే నక్షత్రాలన్నింటిలోకీ మనకు దగ్గరిది. పేరు ఆల్ఫా సెంటారి. కొత్త సినిమాల పుణ్యమా అని ఈ పేరు పిల్లలకు బాగానే తెలుసు. ఎక్కడుంటుందో చూపించమంటేనే పెద్దలు కూడా తడుముకుంటారు.

పిడికిలికి కాస్త పైన...

చూడాలంటే మే నెలాఖరులో బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వెళ్లాలి. పగటి సందడంతా సద్దుమణిగి, బజ్జీల బండ్లు సర్దుకున్నాక, రాత్రి పది, పదిన్నర మధ్య అలల వైపు నిలబడి సరిగ్గా దక్షిణానికి తిరగాలి. చేయి బారుగా చాచి పిడికిలి బిగించి, దాని అడుగును సముద్రపు అంచుకు ఆనించి చూడండి. పిడికిలికి కాస్త పైన పక్కపక్కనే రెండు పెద్ద చుక్కలు కనిపిస్తాయి. ఎడమవైపుది ఆల్ఫా సెంటారి. కుడివైపుది బీటా సెంటారి. గ్రీకులు సగం మనిషి, సగం గుర్రంగా ఊహించుకున్న సెంటారస్ తారామండలంలో ఈ రెండూ ముందుకాళ్లు. మరికాస్త కుడికి చూస్తే ఓ పక్కకు ఒరిగిన చిన్న శిలువలాంటి చుక్కల గుంపు. మనవాళ్లు త్రిశంకు అని చెప్పుకునేది దాన్నే.

విశ్వామిత్రుడు బొందితో స్వర్గానికి పంపిన రాజును దేవతలు కిందికి తోసేస్తే, మహర్షి పంతం పట్టి దక్షిణ దిక్కున కొత్త నక్షత్రాలనే సృష్టించాడని కథ. పైకి పోలేక, కిందికి రాలేక తలకిందులుగా ఉండిపోయిన త్రిశంకుణ్ని చూడాలంటే సముద్రానికి ఇంత దగ్గరగా, ఇంత కిందికి చూడాల్సి రావడం బాగానే కుదిరింది. ఆ లెక్కన ఆల్ఫా సెంటారి త్రిశంకు స్వర్గానికి పక్కిల్లు.

సూర్యలంకే కానక్కర్లేదు. దక్షిణాన అడ్డేమీ లేని చోటు ఎక్కడైనా ఫర్వాలేదు. తిరుపతిలో అయితే ఇది పదిహేను డిగ్రీలకు పైగా ఎత్తుకు వస్తుంది. హైదరాబాద్‌లో పన్నెండు డిగ్రీలే. ఆదిలాబాద్ వాళ్లకు పదికి లోపు. కాబట్టి నగరంలో ఎదురుగా ఓ అపార్ట్‌మెంటు ఉంటే అంతే సంగతులు! ఢిల్లీ వాళ్లకైతే ఆ పాటి భాగ్యం కూడా లేదు. అక్కడ ఇది నేలను దాదాపు రాసుకుంటూ పోతుంది, పొగమంచును దాటి కంటికి ఆనే అవకాశమే లేదు. ఎప్పుడో ఒకసారి మనకు దక్కి ఢిల్లీకి దక్కనిది ఇదొకటి.

ఈ వెసులుబాటు కూడా శాశ్వతం కాదు. భూమి ఇరుసు ఆగిపోబోయే బొంగరంలా మెల్లగా ఊగుతూ ఉంటుంది. దానివల్ల నక్షత్రాలు పైకీ కిందికీ జరుగుతాయి. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో టాలెమీ తయారుచేసిన నక్షత్రాల పట్టికలో ఆల్ఫా సెంటారి ఉంది. ఇప్పుడు అదే ఊళ్లో నిలబడితే అది కనిపించదు. మనకూ అది ఇంకా కిందికి జారుతూనే ఉంది. దాదాపు 235 ఏళ్లకు ఓ డిగ్రీ చొప్పున. కంగారేమీ లేదు. మన దగ్గర పూర్తిగా మునిగిపోయేంత దూరం అది జారదు.

పుదుచ్చేరిలో ఓ తెల్లవారుజాము

సూర్యలంక నుంచి ఇదే తీరం వెంట దక్షిణానికి పోతే పుదుచ్చేరి వస్తుంది. మన యానాం పాలన ఇప్పటికీ ముడిపడి ఉన్నది ఆ ఊరితోనే. ఈ చుక్క ఒకటి కాదు, రెండు అన్న సంగతి బయటపడిందీ అక్కడే.

1687లో ఫ్రాన్స్ రాజు పధ్నాలుగో లూయీ కొంతమంది జెస్యూట్ మతగురువులను సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌కు పంపాడు. వాళ్లు ఉత్త మతగురువులు కాదు, లెక్కలు, ఖగోళం చదువుకున్నవాళ్లు. పెట్టెల్లో టెలిస్కోపులు పెట్టుకుని ఓడలెక్కారు. సయాం రాజు నారాయణ్‌కు గ్రహణాలన్నా, గ్రహాలన్నా మహా ఇష్టం. అంతా సవ్యంగా సాగుతుందనుకునేలోపు 1688లో ఆయన కన్నుమూశాడు, సింహాసనం వేరేవాళ్ల చేతికి పోయింది. ఫ్రెంచివాళ్లు దేశం విడిచిపోవాల్సి వచ్చింది. అలా చెల్లాచెదురైనవాళ్లలో ఫాదర్ జాన్ రిషో ఒకడు. తలదాచుకోవడానికి పుదుచ్చేరి చేరాడు. అప్పటికి అది పెద్ద పట్నమేమీ కాదు, ఫ్రెంచి వర్తకుల చిన్న స్థావరం. మరో నాలుగేళ్లకు, 1693లో డచ్చివాళ్లు దాన్ని కూడా లాగేసుకున్నారు.

ఆ రెండు గండాల మధ్య దొరికిన కాస్త తెరిపిలో, 1689 డిసెంబరులో ఆకాశంలో ఓ తోకచుక్క కనిపించింది. తెల్లవారుజామున లేచి రిషో దాన్ని చూస్తున్నాడు. డిసెంబరులో ఆల్ఫా సెంటారి కనిపించేదీ ఆ వేళకే. తోకచుక్క కోసం తిప్పిన టెలిస్కోపు పక్కనే ఉన్న ఈ పెద్ద చుక్క మీద పడింది. ఒక్కటనుకున్నది కాస్తా, దాదాపు ఒకదానికొకటి అతుక్కున్నట్టున్న రెండు వెలుగులై కనిపించింది!

ఇల్లూ వాకిలీ పోయి వచ్చినవాడు, వెతుకుతున్నది ఒకటైతే దొరికింది ఇంకొకటి. మన దేశంలో టెలిస్కోపుతో జరిగిన తొలినాటి ఆవిష్కరణల్లో దానికి చోటు దక్కింది. ఆ రెండు చుక్కలూ నిజంగా జంటో, లేక ముందూ వెనకా ఉండి ఒకే వరుసలో కనబడుతున్నాయో రిషోకు తెలిసే వీల్లేదు. అది తేలాలంటే ఏళ్ల తరబడి కొలుస్తూ కూర్చోవాలి.

అలా కొలిచే పనిలో చెన్నైకీ వాటా ఉంది. ఈస్టిండియా కంపెనీ 1792లో నుంగంబాక్కంలో మద్రాసు అబ్జర్వేటరీని కట్టించింది. ఆ కట్టడం ఇప్పుడు లేదు. దానిలో టెలిస్కోపును మోసిన నల్లరాతి స్తంభం మాత్రం వాతావరణ శాఖ ఆవరణలో నిలిచి ఉంది. వెయ్యేళ్ల తర్వాతివాళ్లకు కూడా ఈ సంగతి తెలియాలంటూ దాని మీద చెక్కించిన భాషల్లో తెలుగూ ఉంది. 1848 నుంచి పదేళ్లపాటు ఆ అబ్జర్వేటరీకి అధిపతిగా ఉన్న కెప్టెన్ జాకబ్‌కు జంట నక్షత్రాలంటే ప్రాణం. ఆయన ప్రస్తావన మళ్లీ వస్తుంది, ఇంకో కారణంగా.

ముందు కొలిచి... వెనకబడి

దూరం సంగతి తేల్చింది మాత్రం ఆఫ్రికా ఖండం చిట్టచివరి కొస. కేప్‌టౌన్‌లో ఆల్ఫా సెంటారి అస్తమించదు. మనకు పిడికిలెత్తులో దోబూచులాడే చుక్క అక్కడ నడినెత్తికి చేరువగా వెలుగుతుంది. 1832లో అక్కడి అబ్జర్వేటరీకి థామస్ హెండర్సన్ అనే స్కాట్లండ్ వ్యక్తి వచ్చాడు. ఆయన మొదట్లో న్యాయవాది దగ్గర గుమాస్తాగా పనిచేసి, తీరిక వేళల్లో ఖగోళం నేర్చుకున్నవాడు. చూపు అంతంతమాత్రం, ఆరోగ్యమూ అంతే. ఆ ఊరు, ఆ ఉద్యోగం ఆయనకు ఏ మాత్రం నచ్చలేదు. ఏడాది తిరిగాక రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు. కానీ ఆ కాస్త కాలంలోనే ఆల్ఫా సెంటారి స్థానాన్ని అతి శ్రద్ధగా కొలిచి కాగితాలు వెంట తీసుకెళ్లాడు.

రైలు కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి తాటిచెట్లు గబగబా వెనక్కి పరిగెడతాయి, దూరాన కొండలు కదలవు. భూమి కూడా ఓ రైలే. ఆర్నెల్లలో సూర్యుడికి ఈ పక్కనుంచి ఆ పక్కకు పోతుంది. అప్పుడు దగ్గరి నక్షత్రం వెనకున్న దూరపు నక్షత్రాల మధ్య రవ్వంత జరిగినట్టు కనిపించాలి. ఆ రవ్వంతను పట్టుకుంటే దూరం చెప్పేయొచ్చు. వందల ఏళ్లుగా ఎందరో ప్రయత్నించి ఓడిపోయిన పని అది.

ఆ రవ్వంత హెండర్సన్ కాగితాల్లో ఉంది. కానీ అంతకుముందు ఎందరో పొరబడ్డారు కదా, తనదీ పొరపాటేనేమోనని వెనకాముందాడాడు. లెక్క మళ్లీ మళ్లీ సరిచూసుకుంటూ ఉండగా 1838 చివర్లో జర్మనీకి చెందిన బెసెల్ 61 సిగ్ని అనే మరో నక్షత్రం దూరాన్ని ప్రకటించేశాడు. విచిత్రం, అదీ జంటే! హెండర్సన్ తన లెక్కను బయటపెట్టింది 1839 జనవరిలో. ముందు కొలిచినవాడికి తొలి స్థానం కొద్ది వారాల తేడాతో తప్పిపోయింది. పుస్తకాల్లో పేరు బెసెల్‌దే ముందుంటుంది. మరీ జాగ్రత్తపరులకు జరిగే అన్యాయం ఇలాగే ఉంటుంది.

శనగగింజలూ, ఆవగింజా

ఇంతకీ ఎంత దూరం? సుమారు 4.37 కాంతి సంవత్సరాలు. కిలోమీటర్లలో 41 లక్షల కోట్లు. ఇలాంటి అంకెలు చదివితే బుర్రకు ఎక్కవు. కాబట్టి విజయవాడ హైవే ఎక్కుదాం.

సూర్యుణ్ని 9 మిల్లీమీటర్ల కాబూలీ శనగగింజ అనుకుని హైదరాబాద్‌లో పెట్టండి. మన భూమి దానికి ఓ మీటరు దూరంలో తిరిగే పిండి రేణువు. సౌర కుటుంబంలో చివరి గ్రహం నెప్ట్యూన్ 29 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే కుటుంబమంతా ఒక చిన్న వీధిలో సర్దుకుంటుంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎల్బీనగర్, చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ... అంతా ఖాళీ. 270 కిలోమీటర్లు పోయాక, విజయవాడలో, ఇంకో రెండు శనగగింజలు. ఒకటి మన గింజ కన్నా కాస్త పెద్దది, 11 మిల్లీమీటర్లు. రెండోది కాస్త చిన్నది, 8 మిల్లీమీటర్లు. ఇదే ఆల్ఫా సెంటారి జంట. దగ్గరికొచ్చినప్పుడు వాటి మధ్య 11 మీటర్లు, ఎడంగా ఉన్నప్పుడు 34 మీటర్లు.

ఈ ఇద్దరికీ దూరంగా ఉండే చిన్న తమ్ముడు ఒకడున్నాడు. విజయవాడ నుంచి హైదరాబాద్ వైపు వెనక్కి వస్తుంటే, గొల్లపూడి దాటాక ఇబ్రహీంపట్నం లోపు ఎక్కడో ఓ ఆవగింజ పడి ఉన్నట్టు. అదే ప్రాక్సిమా సెంటారి. 1915లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్నెస్, ఐదేళ్ల తేడాతో తీసిన ఫొటో పలకలను పక్కపక్కన పెట్టి చూస్తుంటే బయటపడింది. ఎర్రగా, నీరసంగా ఉండే ఈ నక్షత్రం మామూలు కంటికి కనిపించదు. కానీ దూరం 4.24 కాంతి సంవత్సరాలే కాబట్టి ‘సూర్యుడి తర్వాత అతి దగ్గరి నక్షత్రం’ అన్న బిరుదు దీనికే పోయింది. అన్నలిద్దరి చుట్టూ ఇది ఒకసారి తిరిగి రావడానికి సుమారు ఐదున్నర లక్షల ఏళ్లు పడుతుందని లెక్క.

వెళ్లాలంటే? గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా పోయే రైలెక్కితే 4 కోట్ల 70 లక్షల ఏళ్లు. సెకనుకు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్-1 అటువైపు తిరిగి ఉంటే 77 వేల ఏళ్లు. తపాలాబిళ్లంత వ్యోమనౌకలను లేజర్ వెలుగుతో నెట్టి ఇరవై ఏళ్లలో పంపిస్తామని 2016లో కోటీశ్వరుడు యూరి మిల్నర్, శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ న్యూయార్క్‌లో ప్రకటించారు. పది కోట్ల డాలర్లన్నారు. ప్రపంచమంతా రెండు రోజులు అదే మాట. తర్వాత్తర్వాత ఆ హడావుడి చల్లబడింది.

అక్కడ దిగితే...

సరే, మనసుకు టికెట్టు అక్కర్లేదు. దిగాం అనుకుందాం. పెద్దదాని పక్కన, భూమి ఉన్నంత దూరంలో ఓ నేల ఉందనీ, దాని మీద నిలబడ్డామనీ అనుకుందాం.

పెద్దదాన్ని శాస్త్రవేత్తలు ‘ఎ’ అనీ, చిన్నదాన్ని ‘బి’ అనీ అంటారు. ముచ్చటైన పేర్లూ ఉన్నాయి... రిగిల్ కెంటారస్, టోలిమన్. ‘ఎ’ అచ్చం మన సూర్యుడి బాపతే. అదే పసుపు రంగు, దాదాపు అదే వేడి. బరువు 8 శాతం ఎక్కువ, వెలుగు ఒకటిన్నర రెట్లు. ‘బి’ కొంచెం నారింజ రంగు. బరువు మన సూర్యుడి కంటే 9 శాతం తక్కువ, వెలుగు సగం. ఇద్దరి వయసూ సుమారు 500 కోట్ల ఏళ్లు, మన సూర్యుడి ఈడువాళ్లే.

ఆడపిల్లలు ఎదురెదురుగా నిలబడి చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరుగుతారే, వీళ్లూ అలాగే తిరుగుతారు. ఒకరు మధ్యలో నిలబడి రెండోవారు చుట్టూ తిరగడం ఉండదు. ఇద్దరి మధ్య ఓ చోటు ఉంటుంది, ఇద్దరూ దాని చుట్టూనే. బరువెక్కువ ఉన్నది కాస్త తక్కువ తిరుగుతుంది, తేలికది కాస్త ఎక్కువ. చేతులు ఒకసారి దగ్గరికి లాక్కుని, ఒకసారి బారుగా చాపినట్టు, దూరం మారుతూ ఉంటుంది. దగ్గరికొచ్చినప్పుడు మన సూర్యుడికీ శనికీ మధ్య ఉన్నదాని కంటే కాస్త ఎక్కువ. ఎడమైనప్పుడు నెప్ట్యూన్‌ను దాటి దాదాపు ప్లూటో దాకా.

ఆ నేల మీద పగలు మనకు మల్లేనే ఉంటుంది, ఎండ మాత్రం మండిపోతుంది. రాత్రే వేరు. ఏడాదిలో సగం రోజులు రెండో సూర్యుడు రాత్రిపూట ఉదయిస్తాడు. చూడ్డానికి చుక్కలాగే ఉంటాడు గానీ వెలుగు తక్కువేమీ కాదు. ఎంతో దూరాన ఉన్నప్పుడే మన పున్నమి చంద్రుడికి నూట యాభై రెట్లు. దగ్గరికొస్తే పదిహేను వందల రెట్లు! ఆ వెలుగులో ఈ ఆదివారం పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా హాయిగా చదువుకోవచ్చు. మిగతా సగం రోజులు ఇద్దరూ పగలే ఉంటారు. అప్పుడు చెట్టుకు రెండు నీడలు, మనిషికి రెండు నీడలు. అమావాస్య అన్న మాటకు మాత్రం అక్కడ వేరే అర్థం చెప్పుకోవాలి.

అక్కడి నుంచి మనం ఎలా కనిపిస్తాం? ‘డబ్ల్యూ’ ఆకారంలో ఉండే కాసియోపియా తారామండలం మనకు తెలుసు. అక్కడి ఆకాశంలోనూ అది ఇంచుమించు అలాగే ఉంటుంది. కాకపోతే ఐదు చుక్కల చివర మరో చుక్క అదనంగా, మిగతావాటి కన్నా కాంతిగా. అదే మన సూర్యుడు. దాని పక్కన భూమి అనేది ఒకటుందని అక్కడివాళ్లకు ఎవరైనా చెప్పాలి.

దొరికినట్టే దొరికి...

ఇంత వర్ణించాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. అక్కడ నిలబడటానికి నేల ఉందా?

ఇక్కడే కెప్టెన్ జాకబ్ మళ్లీ వస్తాడు. 1855లో ఆయన మద్రాసులో కూర్చుని 70 ఒఫియుకి అనే మరో జంట నక్షత్రం నడకలో తేడా కనిపెట్టాడు. కంటికి కనిపించని గ్రహమేదో ఆ జంటను లాగుతోందన్నాడు. సౌర కుటుంబం అవతల గ్రహం ఉందని ఆకాశంలో కొలిచి మరీ చెప్పడం దాదాపు అదే మొదలు. తర్వాతివాళ్లు సరిచూస్తే ఆ గ్రహం నిలబడలేదు.

నూట యాభై ఏడేళ్ల తర్వాత అదే కథ. 2012 అక్టోబరులో యూరప్ శాస్త్రవేత్తలు చిలీలోని లా సియా అబ్జర్వేటరీ నుంచి ఏళ్ల తరబడి చూసిన వివరాలతో, ఆల్ఫా సెంటారి ‘బి’ చుట్టూ భూమి అంతటి బరువున్న గ్రహం తిరుగుతోందని ప్రకటించారు. మూడుంపావు రోజులకు ఓ చుట్టు. మాడి మసైపోయే వేడి. అయినా పక్కింట్లో గ్రహమంటే మాటలా? పత్రికలన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. మూడేళ్లు తిరక్కుండానే, 2015లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన వినేశ్ రాజ్‌పాల్ బృందం అదే సమాచారాన్ని తిరగేసి చూసింది. కొలిచిన రాత్రుల మధ్య ఉన్న ఖాళీల వల్ల లెక్కలో పుట్టిన భ్రమే తప్ప గ్రహం లేదని తేల్చింది. పతాక శీర్షికలు పెట్టినవాళ్లు ఈసారి లోపలి పేజీల్లో వేశారు.

తమ్ముడి ఇంట్లో మాత్రం నిజంగానే దొరికింది. 2016 ఆగస్టులో ప్రాక్సిమా చుట్టూ 11 రోజులకోసారి తిరిగే గ్రహాన్ని గిలెమ్ ఆంగ్లాడా-ఎస్కుదె బృందం ప్రకటించింది. బరువు కనీసం భూమి అంత. నీరు నీరుగా ఉండగలిగే ఎడంలోనే ఉంది. చిక్కల్లా ప్రాక్సిమా కోపిష్టి కావడమే. ఉన్నట్టుండి భగ్గుమని మంటలు విసురుతుంది. దాని పక్కన గాలి నిలుస్తుందా, ప్రాణి బతుకుతుందా అన్నది తేలాల్సి ఉంది. 2022లో మరో చిన్న గ్రహమూ దొరికింది, భూమి బరువులో పావు వంతు ఉంటుంది.

మరి అన్నల సంగతి? జంట సూర్యుల మధ్య గ్రహం కాపురం తేలిక కాదు. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు లాగుతారు. భూమి, కుజుడు ఉన్నంత దూరంలో అయితే నిలదొక్కుకోవచ్చు, గురుడంత దూరం పోతే గతి తప్పుతుందని లెక్కలు చెబుతున్నాయి. 2024 ఆగస్టులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ‘ఎ’ వైపు చూసింది. నక్షత్రం కాంతిని తెరతో మరుగుపరిస్తే పక్కన ఓ మసక చుక్క! శనిగ్రహమంతటి వాయుగ్రహం కావచ్చు, మన లెక్కలో భూమి, కుజుల కక్ష్యలను కాస్త దాటినంత దూరంలో ఉండవచ్చు అన్నారు. 2009లో వచ్చిన ‘అవతార్’ సినిమాలో పండోరా తిరిగేదీ ఇదే నక్షత్రం చుట్టూ ఉన్న ఓ వాయుగ్రహం పక్కనే. జేమ్స్ కామెరాన్‌కు ముందే తెలుసా అని అనిపించక మానదు.

అయితే 2025 ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో మళ్లీ చూస్తే ఆ చుక్క లేదు. తిరుగుతూ నక్షత్రం కాంతిలోకి వెళ్లిపోయి ఉండొచ్చని, లెక్కకట్టిన కక్ష్యల్లో సగానికి అదే జరుగుతుందని శాస్త్రవేత్తలు 2025 ఆగస్టులో వివరించారు. ఈసారి ఎవరూ తొందరపడలేదు. దానికి గ్రహమన్న పేరు పెట్టలేదు, ‘అభ్యర్థి’ అన్నారంతే. జాకబ్ నుంచి ఇప్పటిదాకా తిన్న ఎదురుదెబ్బలు ఆ ఒక్క మాటలో వినిపిస్తాయి.

ఎనభయ్యేళ్ల చుట్టు

ఒప్పులకుప్ప తిరిగే ఆ ఇద్దరూ ఒక చుట్టు పూర్తిచేయడానికి పట్టే కాలం 79.9 ఏళ్లు. మన ఇళ్లలో ఎనభై దాటిన పెద్దలకు సహస్ర చంద్ర దర్శనం చేస్తాం, వెయ్యి పున్నములు చూశారని. వెయ్యి పున్నములకు 80 ఏళ్ల పది నెలలు. ఇంచుమించు అంతే.

అందుకే ఈ జంటను కొలిచినవాళ్లెవరూ ఒక చుట్టును మొదలుపెట్టి తామే ముగించలేదు. ఒకరు పావు వంతు కొలిచి కాగితాలు వదిలేసి పోతే, తర్వాతివారు అక్కడి నుంచి అందుకున్నారు. పుదుచ్చేరిలో రిషో చూసిననాటి నుంచి ఇప్పటికి తిరిగింది నాలుగు చుట్లు పైచిలుకే. మద్రాసులో ఆ రాతి స్తంభం నిలబెట్టిన మూడునాలుగేళ్లకు రెండు సూర్యులూ ఓసారి దగ్గరికొచ్చాయి. తర్వాత 1875లో. ఆ తర్వాత 1955లో.

1955 అంటే ‘మిస్సమ్మ’ విడుదలైన ఏడాది. డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిన ఏడాది. అప్పుడు ఉయ్యాలలో ఉన్నవాళ్లు ఉద్యోగాల్లో తలమునకలై ఉన్న 1995 ప్రాంతంలో ఆ రెండూ ఎంతో ఎడంగా ఉన్నాయి. అప్పటి నుంచి మళ్లీ దగ్గరవుతూ వస్తున్నాయి. 2035లో అతి చేరువకు వస్తాయి. అప్పటికి ఆ ఉయ్యాలలోని పిల్లలకు ఎనభై. సహస్ర చంద్ర దర్శనానికి పీటలు వేసే వేళ. ఆ మరుసటి చేరిక 2115లో.

ఒక మోస్తరు టెలిస్కోపు ఉంటే ఇప్పుడు ఆ ఇద్దరినీ విడివిడిగా చూడొచ్చు. గాలి నిలకడగా ఉన్న రాత్రి కావాలి, ఎందుకంటే ఇంత కిందున్న చుక్క సముద్రపు ఆవిరిలో బాగా అల్లల్లాడుతుంది. జూన్ వస్తే మబ్బులు కమ్ముతాయి. కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి మే చివరిదాకానే అదను. ఏప్రిల్ నెలాఖరులో అయితే అర్ధరాత్రి దాకా మేలుకోవాలి. మే ఆఖరుకు పదింటికే దక్షిణాన సిద్ధంగా ఉంటుంది. తర్వాత మెల్లగా కుడివైపుకు ఒరుగుతుంది. బీటా ముందు నడుస్తుంది, ఆల్ఫా వెనకాలే. రాత్రి రెండు కావొస్తుంటే సూర్యలంక దగ్గర రెండూ ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి దిగిపోతాయి.